ఏదో చేసుకుంటున్నడు

గోదావరిఖనిలో పెళ్లిమాటలు జరిగే ఇంట్లో కాసేపు కూర్చోండి. "పిలగాడు ఏం జేస్తడు?" అన్న ప్రశ్న వస్తుంది. బాయిల, అంటే బొగ్గుగనిలో, నౌకరి ఉంటే జవాబు ఒక్క ముక్కలో వస్తుంది: "సింగరేణి." తరువాత ఎవరూ ఏమీ అడగరు. చాయ్ కప్పులు వస్తాయి. నౌకరి లేకపోతే తల్లి గొంతు కొంచెం తగ్గుతుంది. చీర కొంగు సర్దుకుంటుంది. "నౌకరైతే రాలె సార్, ఏదో చేసుకుంటున్నడు" అంటుంది.

అట్లా అన్న ఒక తల్లిని నేను వదిలిపెట్టలేదు. "ఏదో అంటే ఏందమ్మా?" అని అడిగాను. వెల్డింగు షాపట. మర్నాడు పోయి చూశాను. రోడ్డు మీదికి వచ్చిన రేకుల షెడ్డు. లోపల గేట్లు, గ్రిల్లులు, వాటర్ ట్యాంకు స్టాండ్లు, అతుకుల కోసం వచ్చిన ఒక టిప్పర్ డోరు. నలుగురు కుర్రాళ్లు పని చేస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ఐటీఐ చదివినవాళ్లు. అంటే ఆ "ఏదో" చేసుకుంటున్న పిలగాడు తన కడుపు నింపుకుని, ఇంకో నాలుగు ఇళ్లల్లో పొయ్యి వెలిగిస్తున్నాడు. కన్నతల్లి నోట మాత్రం అతనికి నౌకరి లేదు.

ఆమెను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. నేనూ కోల్ ఫిల్లర్ కొడుకునే. మా నాయిన తట్టా చెమ్మసు పట్టి టబ్బులు నింపిన మనిషి. సైరన్ మోగితే లేచిన ఇల్లు మాది. పేమెంట్ రోజు వస్తే దుకాణాల ముందు ఉద్దెర ఖాతాల పుస్తకాలు తెరుచుకునేవి. కిరాణం, బట్టలు, మందులు, బడి ఫీజు అన్నీ ఆ ఒక్క రోజు చుట్టూ తిరిగేవి. ఊరంతా ఒకే గడియారాన్ని చూసి బతికింది. అలాంటి చోట గడియారానికి బయట బతికేవాడు తల్లికైనా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాడు.

కానీ ఆ గడియారం మారిపోయింది. ఎంత మారిందో చెప్పడానికి రెండు లెక్కలు చాలు. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షా పదివేల మందికి పైగా కార్మికులు ఉండేవారు. ఏడాదికి తీసే బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపు. 2023-24లో తీసిన బొగ్గు ఏడు కోట్ల టన్నులు. కార్మికులు నలభై వేలకు అటూ ఇటూ. బొగ్గు మూడు రెట్లు దాటి పెరిగితే, హాజరు మస్టర్ మూడో వంతుకు వచ్చింది. మధ్యలో కంపెనీ నష్టాల్లో మునిగి ఖాయిలా కంపెనీల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది, తేలి లాభాల్లోకి వచ్చింది. భూగర్భ బావులు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చాయి. మా నాయిన తట్టతో మోసిన పనిని ఇప్పుడు షవల్ యంత్రం ఒక్క బొక్కెనలో ఎత్తిపోస్తుంది. లోపల మిగిలిన చోట్ల కూడా అడ్రియాల లాంగ్‌వాల్ లాంటి గనుల్లో బొగ్గును యంత్రమే కోస్తుంది, యంత్రమే ఎత్తుతుంది. బావుల్లో పోయిన ప్రాణాలను తలచుకుంటే యంత్రం వద్దని ఎవరంటారు? నేనూ అనను. యంత్రం బొగ్గు తీస్తుంది, కానీ సాయంత్రం గాంధీ చౌక్‌కు వచ్చి కూరగాయలు కొనదు. నా బాధల్లా అదే.

బొగ్గు ఒక్కటే కాదు. మన గోదావరిఖని ఉన్న రామగుండం చుట్టుపక్కల చూడండి. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ 1969 నాటిది. 62.5 మెగావాట్ల పాత బీ-థర్మల్ 1971లో మొదలై, 2024లో ఆగిపోయింది. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. ఎరువుల కర్మాగారం, మనమంతా ఎఫ్‌సీఐ అనేది, బొగ్గు నుంచి యూరియా తీస్తూ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999 మార్చి 31న మూతపడింది. ఆ క్వార్టర్ల మధ్య మొలిచిన తుమ్మచెట్లను చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు. 2015లో ఆర్ఎఫ్‌సీఎల్ అన్న కొత్త కంపెనీ పుట్టి, 2021 మార్చిలో గ్యాసుతో మళ్లీ యూరియా తీసింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. పాతదానికంటే ఎంతో పెద్దది, పాతదానికంటే ఎంతో తక్కువమందితో నడిచేది. ఇన్ని పొగగొట్టాలున్న ఊళ్లో 2011 జనాభా లెక్కలు తీస్తే జనం 2 లక్షల 30 వేల లోపే తేలారు. పదేళ్ల కింది లెక్క కంటే అది తక్కువ. రాష్ట్రంలో చాలా ఊళ్లు ఉబ్బుతుంటే మనది చిక్కింది.

అట్లాగని ఇది పైసలు లేని ఊరు కాదు. ఈ సంగతి మనకే తెలియకుండా పోతోంది. 2023-24 లాభాల్లో విస్తరణకు తీసిపెట్టింది పోగా మిగిలినదానిలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, సింగరేణి కార్మికులకు వాటాగా పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు. సింగరేణి ఏరియాల్లో మూడు మన రామగుండానివే కాబట్టి, దసరా ముందు ఈ బజార్ల మీదుగా ఎంత డబ్బు పారుతుందో ఊహించుకోండి. నెలజీతాలు, దీపావళి బోనసు, ఎన్టీపీసీ జీతాలు వేరు. మరి ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? కరీంనగర్ బంగారు దుకాణానికి, హైదరాబాద్ శివారు ప్లాటుకు, ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొచ్చే డబ్బాకు. వాళ్ల కష్టార్జితం, వాళ్ల ఇష్టం. అందులో నేను వేలు పెట్టను. కానీ చెరువు నిండా నీళ్లున్నా తూము తెరిచే ఉంటే ఆయకట్టు ఎండుతుంది. ఊరి సంగతి కూడా అంతే. వచ్చిన రూపాయి ఊరు దాటేలోపు ఎన్ని చేతులు మారిందన్నదే లెక్క.

ఇంటివాళ్ల కొనుగోళ్లు అట్లా ఉంచుదాం. అసలు పెద్ద కొనుగోలుదారులు వేరే ఉన్నారు. సింగరేణి, ఎన్టీపీసీ, ఆర్ఎఫ్‌సీఎల్, నగరపాలక సంస్థ, ఆస్పత్రులు, హాస్టళ్లు. వీళ్లకు కావలసిన డ్రాగ్‌లైన్లు, టర్బైన్లు ఇక్కడ తయారు కావు, నిజమే. కానీ చేతి తొడుగులు? ఆస్పత్రి దుప్పట్లు, వాటి ఉతుకు? క్యాంటీన్ పప్పు, కారం, చిరుతిళ్లు? స్టీలు రాకులు, నిచ్చెనలు, గార్డు రెయిళ్లు, నోటీసు బోర్డులు, కుర్చీల మరమ్మతు, మోటారు రివైండింగు? ఈ పట్టీ రాస్తూ పోతే నాకిచ్చిన సమయం చాలదు. వీటిలో ఎన్ని మన రేకుల షెడ్లలోంచి పోతున్నాయి, ఎన్ని ఎక్కడో మహానగరంలో కూర్చున్న ఏజెన్సీ పేరు మీద లారీ దిగుతున్నాయి?

ఇక్కడ ఒక దూరపు ఊరి కథ చెప్తాను. ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలో ప్రెస్టన్ అని ఒక పాత పత్తిమిల్లుల ఊరు ఉంది. మిల్లులు ఎప్పుడో పోయాయి. ఊరిని నిలబెట్టడానికి భారీ షాపింగ్ సముదాయం కడతామని ఏళ్ల తరబడి ఊరించారు. 2011లో ఆ ప్రాజెక్టు కూలిపోయింది. పెద్ద కంపెనీ వచ్చి ఉద్ధరిస్తుందన్న ఆశ అక్కడితో పోయింది. అప్పుడు ఆ మున్సిపాలిటీ వాళ్లు ఒక మామూలు పని చేశారు. ఊళ్లోనే ఉన్న పెద్ద సంస్థల దగ్గరికి, కాలేజీ, పోలీసు, గృహనిర్మాణ సంఘాల దగ్గరికి పోయి, "మీరు ఏటా ఎంత ఖర్చు పెడుతున్నారు? అందులో మన ఊళ్లో ఎంత?" అని అడిగారు. 2012-13లో తేలిన లెక్క 5 శాతం. అంటే నూరు రూపాయలు ఖర్చయితే ఊళ్లో మిగిలేది ఐదు. నాలుగేళ్లకు దాన్ని 18 శాతం చేశారు. 3.8 కోట్ల పౌండ్లున్నది 11 కోట్లు దాటింది. దీనికి కొత్త ఫ్యాక్టరీ కారణం కాదు, కొత్త గ్రాంటు కారణం కాదు. ఖర్చు పెట్టే తీరు మారింది, అంతే. బడి పిల్లల భోజనాల కాంట్రాక్టు ఒకటి ఉంటే, దాన్ని ఒకే మూటగా ఇవ్వకుండా పెరుగు వేరు, గుడ్లు వేరు, చీజ్ వేరు అని చిన్న చిన్న ముక్కలు చేశారు. పెద్ద మూట ఎత్తలేని చిన్న వ్యాపారి, చిన్న ముక్క ఎత్తగలిగాడు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 2012 నుంచి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు ఒక కొనుగోలు విధానం అమలులో ఉంది. దాని ప్రకారం ఇప్పుడు ఏడాది కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. అందులో ఎస్సీ, ఎస్టీల యూనిట్ల వాటా 4 శాతం, మహిళలది 3 శాతం. టెండరు ఫారం ఉచితం, ధరావతు మినహాయింపు. ఎన్టీపీసీ ఈ గీతలోకి వస్తుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వాటా. యజమానులిద్దరూ ప్రభుత్వాలే, ఈ బాటలో నడవడానికి ఆ కంపెనీకి అడ్డేమీ ఉండకూడదు. చిక్కు ఎక్కడంటే, ఆ 25 శాతం దేశమంతటి చిన్న సంస్థలకు. గోదావరిఖని షెడ్డుకు అందులో ఒక్క రూపాయి రాకపోయినా లెక్క సరిపోతుంది. పైగా టెండరులో "మూడేళ్ల అనుభవం, ఇంత టర్నోవరు" అన్న గీత గీస్తారు. ఈత రాకుంటే చెరువులో దిగొద్దు, చెరువులో దిగకుంటే ఈత రాదు. పనిలేనిదే అనుభవం ఎట్లా వస్తుంది?

నేను అడిగేది కోటా కాదు. ప్రెస్టన్ వాళ్లు అడిగిన ప్రశ్న. ఏడాదికి ఒకసారి ఈ పెద్ద సంస్థలన్నీ కలెక్టరు దగ్గర కూర్చుని, తమ కొనుగోళ్లలో పెద్దపల్లి జిల్లా పిన్‌కోడు ఉన్న బిల్లులు ఎన్నని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి. ఆ ఒక్క అంకె గోడ మీదికి వస్తే, మిగతా పని సిగ్గు చేయిస్తుంది.

మళ్లీ వెల్డింగు షాపుకు వద్దాం. "కంపెనీ పనులు చేసినవా తమ్మీ?" అని అడిగాను. నవ్వాడు. చేశాడట, కానీ తన పేరు మీద కాదు. టెండరు ఒకరిది, వాళ్ల దగ్గర సబ్ కాంట్రాక్టు ఇంకొకరిది, వాళ్ల దగ్గర పని ఇతనిది. మూడు చేతులు దాటి వచ్చేసరికి ధరలో తొక్క మిగిలింది. ఆ తొక్క కూడా ఎనిమిది నెలలకు వచ్చింది. ఎవరు ఆపారన్నది మనకు అనవసరం. ఇనుము కొట్టువాడు ఎనిమిది నెలలు ఆగడు కదా!

చట్టం ఇక్కడ కూడా గట్టిగానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, సరుకు గానీ పని గానీ అందుకున్న 45 రోజుల్లోపు చిన్న సంస్థకు డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆదాయపు పన్ను చట్టంలో కూడా 2023-24 నుంచి ఒక మెలిక పెట్టారు. గడువులోపు కట్టని బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చు కింద చూపుకోలేడు. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఇదంతా ఆ పిలగాడికి చెప్పాను. "సార్, ఫిర్యాదు పెడితే పైసలొస్తయి. మళ్ల పనొస్తదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పైగా అతనికి ఉద్యమ్ రిజిస్ట్రేషనే లేదు. చట్టం కళ్లకు అతను కనపడడు, తల్లి మాటల్లో నౌకరి లేనట్టే. ఆ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, ఆధార్‌తో కాసేపట్లో అయిపోతుంది. వింటున్నవాళ్లలో చిన్న షాపులు నడిపేవాళ్లుంటే, ఈ ప్రసంగంలో ఇంకేదీ గుర్తు లేకపోయినా సరే, ఆ పని చేయించుకోండి.

ఎనిమిది నెలలు అతను ఎట్లా ఆగాడు? గిరిగిరి. కోల్‌బెల్టులో ఈ మాట తెలియనివాళ్లు లేరు. బయటి శ్రోతల కోసం చెప్తాను. పొద్దున పదివేల పేరు మీద తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతోంది కాబట్టి, కూర్చుని లెక్క కడితే ఏడాదికి వడ్డీ నూటికి డెబ్బై ఐదు దాటుతుంది. ఇంతకంటే ఘోరమైన లెక్కలూ ఉన్నాయి. ఒకప్పుడు కార్మికుడి ఏటీఎం కార్డే కుదువ పెట్టుకున్న దందా ఇది. ఇప్పుడు చౌరస్తాలో జొన్నరొట్టెలు చేసే అక్క, పండ్ల బండి తమ్ముడు, మిర్చి బజ్జీల అన్న దీని గిరాకీలు.

వీధి వ్యాపారులకు 2020లో పీఎం స్వనిధి వచ్చింది. మొదట పదివేలు, సరిగా కడితే ఇరవై, తరువాత యాభై. 2025లో మొదటి రెండు విడతలను పదిహేను, ఇరవై ఐదు వేలకు పెంచారు. మంచి పథకం. అయినా గిరిగిరి ఎందుకు చావలేదు? రొట్టెల అక్కను అడిగితే ఒక్క మాటలో చెప్పింది. "బ్యాంకోళ్లు పొద్దుగాల పదింటికి తెరుస్తరు. నాకు పిండి నాలుగింటికి గావాలె." అప్పు ధర కంటే అప్పు దొరికే వేళ ముఖ్యమైనవాళ్లు ఉంటారని మనం అర్థం చేసుకోవాలి. మహిళా సంఘాల్లో తోటి ఆడవాళ్లు రాత్రికి రాత్రి చేబదులు ఇచ్చుకునే అలవాటు ఉంది చూడండి, గిరిగిరికి విరుగుడు మందు నాకు అందులోనే కనిపిస్తుంది. స్త్రీనిధి, మెప్మా రుణాలు ఆ సంఘాల మీదుగానే నడుస్తున్నాయి. వేళ సంగతి కూడా వాళ్ల చేతిలో పెడితే, బ్యాంకు చేయలేనిది వాళ్లు చేస్తారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సరుకు దగ్గరికి వస్తాను. బూడిద.

మన దేశపు బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. ఎన్టీపీసీలో పాత యూనిట్లు 2,600 మెగావాట్లు, కొత్తవి ఇంకో 1,600. పొయ్యిలో వేసిన ప్రతి మూడు లారీల బొగ్గుకు దాదాపు ఒక లారీ బూడిద తిరిగి వస్తుంది. కుందనపల్లి వైపు బూడిద చెరువు దగ్గర ఎండాకాలం గాలి లేస్తే ఆరేసిన బట్టలు ఏ రంగులోకి వస్తాయో అక్కడివాళ్లను అడగండి. ఇటు పెద్దపల్లి దారంతా ఇటుక బట్టీలు. ఏటా చలికాలం మొదట్లో ఒడిశాలోని బొలాంగిర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, ముందుగా తీసుకున్న బయానా తీరేదాకా మట్టి తొక్కి, ఎండలు ముదిరాక తిరిగిపోతాయి. ఆ ఇటుకకు చెరువుమట్టి కావాలి, కాల్చడానికి మళ్లీ బొగ్గు కావాలి. ఒక పక్క బూడిద కొండ, ఇంకో పక్క మట్టి గుంత. రెంటి మధ్య దూరం మోటారు సైకిల్ మీద అరగంట కూడా లేదు.

బూడిద ఇటుకకు నిప్పు అక్కర్లేదు. బూడిద, రాతిపొడి, సిమెంటు కలపాలి, లేదంటే సున్నం, జిప్సం. పాన్ మిక్సరులో కలిపి, ప్రెస్సులో ఒత్తి, రెండు మూడు వారాలు నీళ్లు పట్టాలి. ఒక చిన్న యూనిట్‌కు పది పన్నెండు మంది పనివాళ్లు సరిపోతారు. ఇటుకల యూనిట్లకు పొడి బూడిదలో అయిదో వంతు ఉచితంగా ఇవ్వాలని పర్యావరణ శాఖ 2009 లోనే అన్నది. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాలు చేసే సంస్థలు బూడిద ఉత్పత్తులు వాడాలన్న నిబంధన కూడా ఉంది. మన జిల్లా మొత్తం ఆ వలయంలోనే ఉంది. హైదరాబాద్ కూడా ఉంది.

మరి బూడిద ఇటుక ఎందుకు రాజు కాలేదు? మేస్త్రీలను అడిగితే, "గోడకు ప్లాస్టర్ పగుల్తది సార్, మేకు దిగదు" అంటారు. కొంత నిజం. సిమెంటు మిగుల్చుకుని, నీళ్లు పట్టకుండా మూడో రోజే లారీ ఎక్కించిన ఇటుక అట్లాగే ఉంటుంది. ఒక్కడు దొంగ ఇటుక అమ్మితే పదిమంది మంచి ఇటుకకు చెడ్డపేరు. ఇక్కడే సర్కారు కొనుగోలు పనికొస్తుంది. నాణ్యత పరీక్ష పెట్టి, నెగ్గిన ఇటుకతోనే క్వార్టర్ల గోడలు, స్కూలు గోడలు, మోరీలు కడితే, మేస్త్రీ చేతికి ఆ ఇటుక అలవాటవుతుంది. ఇంటివాడు తన కళ్లతో చూస్తాడు. సబ్సిడీతో రాని నమ్మకం గోడతో వస్తుంది. ఇప్పుడేమవుతోంది? బూడిద లారీల మీద పోతుంది. టార్పాలిన్ సరిగా కప్పని లారీ వెనక మోటారు సైకిల్ మీద పోయినవాడికి దాని రుచి తెలుసు. లారీ బాడుగ ఎవరిదన్న కొట్లాటే మన ఊళ్లో బూడిద రాజకీయం. ఆ కొట్లాటలో వందోవంతు శ్రద్ధ ఇటుక మీద పెట్టి ఉంటే!

ఈ మాట అన్నాక ఇంకో చేదు మాట కూడా అనాలి. "లోకల్" అన్న మాటకు కోల్‌బెల్టులో ఒక చెడ్డ అర్థం ఉంది. లోకల్ వాళ్లకే ఇవ్వాలని జెండా పట్టినవాడి వెనక, పని చేయని, పైసలు మాత్రం పట్టే ఒక పెద్దమనిషి ఉంటాడు. మహిళ పేరుతో టెండరు వేసి మగవాడు నడిపేవి, దళితుడి పేరుతో వేరేవాడు తినేవి మనకు కొత్త కాదు. అందుకే నేను షెడ్డు చూడమంటున్నాను, కాగితం కాదు. యంత్రం తిరుగుతోందా, పనివాళ్లు ఉన్నారా, చేతికి మసి అంటిందా చూసి ఇవ్వాలి.

ఆడవాళ్ల శిక్షణల గురించి రెండు మాటలు. సింగరేణి సేవా సమితి ఏళ్లుగా కాలనీల్లో కుట్టు, మగ్గం, బ్యూటీషియన్ తరగతులు నడుపుతోంది. వేలమంది నేర్చుకున్నారు. కాలనీలో వీధికి నాలుగు కుట్టుమిషన్లు ఉన్నాయి. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు వీధికి నలభై మందే. నేర్పడంలో లోపం లేదు, కొనేవాడు లేడు. 2024లో సర్కారు బడుల యూనిఫారాలను మహిళా సంఘాలతో కుట్టించినప్పుడు ఆ మిషన్లకు నిజంగా పని దొరికింది. గని కార్మికుల యూనిఫారం, ఆస్పత్రి దుప్పట్లు కూడా ఆ దారిన పోవచ్చు.

అయితే మన పక్కనే ఉన్న సిరిసిల్లను మరిచిపోవద్దు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరుతో అక్కడి మరమగ్గాలు ఊపిరి తీసుకున్నాయి. ఏటా కోటి చీరలు. కొన్నేళ్లు బాగానే నడిచింది. ప్రభుత్వం మారాక ఆర్డరు ఆగింది, మగ్గం ఆగింది, మళ్లీ వేరే పేరుతో చీరల ఆర్డరు వచ్చేదాకా కార్మికులు విలవిల్లాడారు. ఒక్క కొనుగోలుదారు మీద బతికే ఊరు కూడా ఒక బాయి లాంటిదే. సర్కారు కొనుగోలు పసివాడి నడక బండి. అది పట్టుకుని నడక నేర్చుకున్నాక వదిలేయాలి. కంపెనీకి గార్డు రెయిలు చేసిన షెడ్డు, ఆ పనితనంతో మంచిర్యాల ఆస్పత్రికి, కరీంనగర్ అపార్టుమెంటుకు కూడా చేయగలిగితేనే నిలబడినట్టు.

ఇంకో సంపద మన కళ్ల ముందే వృథా పోతోంది. సింగరేణిలో ఏటా వందలమంది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, పంపు ఆపరేటర్లు, మెషినిస్టులు అరవై ఒక్క ఏళ్లు నిండాక దిగిపోతున్నారు. దండ వేసి, శాలువా కప్పి, డీజే పెట్టి పంపిస్తాం. మర్నాటి నుంచి పార్కు బెంచీ. పంపు చప్పుడు విని బేరింగు పోయిందో, ఇంపెల్లరు అరిగిందో చెప్పగల చెవులవి. ఆ పెద్దమనుషుల్లో ఒక్కొక్కరు వారానికి రెండు పూటలు ఒక కుర్రాడి షెడ్డులో కూర్చుంటే చాలు. 2015 నుంచి గనుల రాయల్టీకి తోడు జిల్లా ఖనిజ నిధికి డబ్బు జమవుతోంది. సింగరేణి పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం. నైపుణ్య శిక్షణకు దాన్ని వాడవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ నిధితో సీసీ రోడ్లు ఎన్నో వేశాం. ఒక్క రోడ్డు తగ్గించి, ఒక మంచి వర్క్‌షాపు కట్టి, లేతులు, మిల్లింగు యంత్రాలు పెట్టి, గంటకు ఇంత బాడుగ అని కుర్రాళ్లకు ఇస్తే? లక్షలు పోసి యంత్రం కొనలేనివాడు గంటకు కొనుక్కుంటాడు. నేర్పడానికి పార్కు బెంచీ మీది మేస్త్రీలు ఉండనే ఉన్నారు.

బ్రిటన్‌లో బొగ్గు గనులు మూసేస్తున్న కాలంలో, 1984లో, అక్కడి ప్రభుత్వ బొగ్గు సంస్థ ఇలాంటి పనుల కోసం ఒక అనుబంధ కంపెనీనే పెట్టింది. చిన్న వ్యాపారాలకు అప్పులు, షెడ్లు, శిక్షణ ఇచ్చింది. ఎన్ని ఉద్యోగాలు సృష్టించామో వాళ్లు చెప్పుకున్న లెక్కలు ఎక్కువని విమర్శలూ వచ్చాయి. కానీ వాళ్లు బావులు మూస్తూ మొదలుపెట్టారు, చేతులు కాలాక. మన కంపెనీ ఇంకా లాభాల్లో ఉంది. బొగ్గు ఇంకా ఉంది.

మొన్న పొద్దున అటుగా పోతూ వెల్డింగు షాపు దగ్గర ఆగాను. ఉద్యమ్ చేయించాడట, సర్టిఫికెట్టు లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన తగిలించాడు. నలుగురి దగ్గర ఒకడు పెరిగాడు, ఐదుగురయ్యారు. షట్టరు పక్కన మేకుకు ఒక పొడుగాటి రిజిస్టరు వేలాడుతోంది. తెరిచి చూశాను. పేర్లు, తేదీలు, సంతకాలు. "ఏందిది తమ్మీ?" అన్నాను.

"మస్టర్ సార్," అన్నాడు. "ఎనిమిదింటికి పడాలె. ఐదు నిమిషాలు లేటైతే మా అమ్మ ఊకోదు. రోజూ ఆమెనే వచ్చి రాస్తది."